ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి: ఒక పన్ను సలహా కార్యాలయంలో బ్రౌజర్ల కేస్ స్టడీ

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక పన్ను సలహాదారుల కార్యాలయంలో కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకునే బాధ్యత నాది. జీఎస్టీ, టీడీఎస్, ఆదాయపు పన్ను రిటర్నులు, చిన్న కంపెనీల వార్షిక పత్రాలు, కాంట్రాక్టర్ల తరఫున టెండర్లు దాఖలు చేయడం అక్కడి రోజువారీ పని. యజమాని చార్టర్డ్ అకౌంటెంట్. ఆయన నాకు అప్పగించిన పనిని ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: అన్ని కంప్యూటర్లలోనూ ఒకే బ్రౌజర్ ఉంచి మిగతావన్నీ తీసేయాలి.

ఆయన కోరికలో అన్యాయం లేదు. ఒక టేబుల్ మీద క్రోమ్, పక్క టేబుల్ మీద ఫైర్‌ఫాక్స్, లోపలి గదిలో ఎడ్జ్. ఒకరి సీట్లో మరొకరు కూర్చుంటే పాస్‌వర్డులు దొరకవు, బుక్‌మార్కులు కనిపించవు. నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ఆ తేదీలు దగ్గరపడుతుంటే "సార్, సంతకం పడటం లేదు" అంటూ నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం చివరికి బ్రౌజర్ దగ్గరే తేలేది. అందరిదీ ఒకటే అయితే మందు కూడా ఒకటే సరిపోతుందని ఆయన లెక్క.

ఏదీ తీసేయకముందు, ఎవరు ఏది ఎందుకు వాడుతున్నారో వాళ్ల పక్కన కూర్చుని చూశాను. ఇంట్లో ఏది వాడతారో కూడా అడిగాను. ఏ బ్రౌజర్ ఇష్టమని అడిగితే దాదాపు అందరూ క్రోమ్ అనే అన్నారు. పని మొదలుపెట్టాక మాత్రం చెయ్యి వేరే ఐకాన్ మీదికి వెళ్లేది. నాకు జవాబు దొరికింది ఆ తేడాలోనే. ఆఫీసులో బ్రౌజర్‌ను ఎంచుకునేది మనిషి కాదు, అతను వాడక తప్పని సైట్లలో అన్నిటికంటే మొండి సైటు. ఇంట్లో ఎంచుకునేది అతని ఫోను, లేదా ఏనాటిదో ఒక అవసరం. ఈ సంగతి గుర్తించకుండా ఒకే బ్రౌజర్ పెడితే, ఎవరూ కోరని చోట మార్పు తెచ్చి, గడువు తేదీన పని ఆపేసినవాళ్లమవుతాం.

టెండర్ల టేబుల్

టెండర్లు చూసే సీనియర్ అకౌంటెంట్ ఇంట్లో, ఫోనులో క్రోమే వాడతారు. ఆఫీసులో మాత్రం ఎడ్జ్. కారణం అడిగితే, "ఆ సైటు దాంట్లోనే తెరుచుకుంటుందండీ" అన్నారు. అంతకు మించి ఆయనకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. నాకు మాత్రం ఉంది.

మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది 2000 నాటి ఐటీ చట్టం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001 ఆగస్టులో. ప్రభుత్వ పనులు ఆన్‌లైన్‌కు మారడం మొదలైన ఆ కాలంలో ఆఫీసు కంప్యూటర్ అంటే విండోస్, బ్రౌజర్ అంటే ఆ నీలం రంగు 'ఈ' అక్షరం. మామూలుగా ఒక వెబ్ పేజీకి మన కంప్యూటర్‌కు గుచ్చిన, పెన్‌డ్రైవ్ లాంటి యూఎస్‌బీ టోకెన్‌ను ముట్టుకునే అధికారం ఉండదు, ఉండకూడదు కూడా. కానీ సంతకం ఆ టోకెన్‌లోనే ఉంటుంది. ఆ అడ్డు దాటడానికి అప్పట్లో రెండు దారులు ఉండేవి: ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే నడిచే యాక్టివ్‌ఎక్స్, ప్లగిన్ (బ్రౌజర్‌కు విడిగా తగిలించే సాఫ్ట్‌వేర్) మీద ఆధారపడే జావా యాప్లెట్ అనే చిన్న ప్రోగ్రాం. చాలా పోర్టళ్లను ఈ రెండింటిలో ఒకదాని మీద కట్టారు.

భద్రత దృష్ట్యా ఆ దారులు తర్వాత ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. ఆ తరహా ప్లగిన్లను క్రోమ్ 2015 సెప్టెంబరులో, 45వ వెర్షన్‌తో పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో, 52వ వెర్షన్‌తో ఒక్క ఫ్లాష్‌ను మినహాయించి మిగిలినవి ఆపేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు 2022 జూన్ 15న మద్దతు ముగిసింది. 2023 ఫిబ్రవరి 14 నాటి ఎడ్జ్ అప్‌డేట్ విండోస్ 10లో దాన్ని శాశ్వతంగా మూలన పెట్టింది. మిగిలింది ఎడ్జ్ లోపలి ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్. కొన్ని సైట్లను పాత ఇంజిన్‌తో తెరిచే ఈ సదుపాయం కనీసం 2029 వరకు ఉంటుందని మైక్రోసాఫ్ట్ మాట ఇచ్చింది. మా సీనియర్ అకౌంటెంట్ "దాంట్లోనే తెరుచుకుంటుంది" అన్న మాట వెనక ఇంత చరిత్ర ఉంది. ఆ సైటుతో ఇంట్లో ఆయనకు పని లేదు కాబట్టి, ఇంట్లో ఎడ్జ్ తెరవాలన్న ఆలోచనే ఆయనకు రాదు.

సంతకం పడే చోట

జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే ఉద్యోగిని ఆఫీసులో ఫైర్‌ఫాక్స్ తప్ప మరొకటి తెరవరు. ఆమె పని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. ఆ కార్యాలయం ఖాతాదారుల్లో కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలు) ఉన్నాయి. వాటి జీఎస్టీ దాఖలాకు ఓటీపీ చాలదు, డిజిటల్ సంతకం ఉండి తీరాలి. ఆమె సొరుగులో టోకెన్లు వరుసగా ఉంటాయి, ఒక్కోదానికీ కంపెనీ పేరు రాసిన కాగితం ముక్క అంటించి. రిటర్ను సిద్ధమయ్యాక టోకెన్ గుచ్చుతారు. ఈఎంసైనర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ అప్పటికే వెనక నడుస్తూ ఉంటుంది. పాత యాప్లెట్ చేసిన పనిని ఇప్పుడు చేసేది అదే. అది ఆ కంప్యూటర్‌లోనే 127.0.0.1 చిరునామాలో 1585 పోర్టు అనే ద్వారం దగ్గర కాచుకుని ఉంటుంది. పోర్టల్ పేజీ బ్రౌజర్ ద్వారా దాన్ని పలకరిస్తుంది, అది టోకెన్ పిన్ అడుగుతుంది, సంతకం చేసి తిరిగి పేజీకి అందిస్తుంది.

చిక్కంతా ఆ పలకరింపు దగ్గరే. కంప్యూటర్ తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్‌ను, అంటే గుర్తింపు పత్రాన్ని, బ్రౌజర్ నమ్మదు. ఆ చిరునామాను విడిగా ఒక ట్యాబ్‌లో తెరిచి, హెచ్చరిక చదివి, ఫరవాలేదు అని ఒకసారి అంగీకారం ఇవ్వాలి. ఒక బ్రౌజర్‌లో ఇచ్చిన అంగీకారం పక్క బ్రౌజర్‌కు వర్తించదు. ఫైర్‌ఫాక్స్‌లో అన్నీ కుదిరిన మనిషిని క్రోమ్‌లో కూర్చోబెడితే పేజీ కదలదు, ఏం జరిగిందో చెప్పదు, చక్రం తిరుగుతూ ఉంటుంది. టోకెన్ పాడైందనో, డ్రైవర్ పోయిందనో అనుకుని మళ్లీ మళ్లీ పిన్ కొట్టేవాళ్లున్నారు. పిన్ వరుసగా తప్పు పడితే టోకెన్ లాక్ అవుతుంది. అప్పుడిక దాఖలు ఆ రోజుకు లేనట్టే.

ఒకే కంప్యూటర్‌లోని రెండు బ్రౌజర్లు ఒకే విషయాన్ని నమ్మాలని ఏమీ లేదని చెప్పడానికి 2014 జులై నాటి ఉదంతం ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ సర్టిఫికెట్ల విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనుమతి లేని సర్టిఫికెట్లు వెలువడ్డాయి. మన దేశంలో సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను నియంత్రించే సీసీఏ మూల సర్టిఫికెట్ అప్పుడు విండోస్ నమ్మే జాబితాలో ఉంది. కాబట్టి దాని మీద ఆధారపడే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లాంటివాటికి ప్రమాదం వచ్చింది. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తానే ఉంచుకుంటుంది, అందులో అది లేదు, కాబట్టి దానికి ఏమీ కాలేదు. బ్రౌజర్ మారితే నమ్మకాల జాబితా మొత్తం మారుతుంది. "రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి కదా" అన్న యజమానికి నేను ఈ ఉదంతమే చెప్పాను.

ఆ ఉద్యోగినికి ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోనులో క్రోమ్ ఉంది, ఎందుకంటే ఫోనుతో పాటు వచ్చింది. ఇంట్లో ఏది ఎంచుకున్నారని ఆమెను అడగడమే తప్పు ప్రశ్న. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తన యాప్‌లను ముందుగానే అమర్చి ఇచ్చే పద్ధతి మీదే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. ఆ ఉత్తర్వులో క్రోమ్ ప్రస్తావన కూడా ఉంది. 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ జరిమానాను సమర్థించింది. ఉత్తర్వులు ఎన్ని వచ్చినా, కొన్న రోజు ఫోనులో ఏది కనిపిస్తే అదే వాడే అలవాటు మాత్రం మారదు.

తెలుగు చదవడం కోసం మొదలైన అలవాటు

లెక్కల విభాగంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆఫీసులో ఏ బ్రౌజర్ ఇచ్చినా కిమ్మనకుండా వాడతారు. ఇంట్లో మాత్రం ఫైర్‌ఫాక్స్ తప్ప మరొకటి ముట్టుకోరు. కారణం అడిగితే మొదట నవ్వి ఊరుకున్నారు. తర్వాత చెప్పింది వింటే నాకు చాలా సంతోషం కలిగింది.

2000ల మొదట్లో తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాల్లో, ఉండేవి కావు. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. ఆ ఫాంటు కంప్యూటర్‌లో ఉంటేనే అక్షరాలు కనిపించేవి, లేకపోతే పేజీ అంతా ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చిగీతలు. పేజీతో పాటే ఫాంటు దిగే ఏర్పాటు కొన్నిచోట్ల ఉన్నా అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినది. ఒక పత్రిక నుంచి వాక్యం నకలు తీసి మిత్రుడికి మెయిల్ చేస్తే అవతల అర్థం కాని గుర్తులే చేరేవి. ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది 2004 నవంబరులో. ఆ తర్వాత కొద్ది కాలానికే దానికి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు జోడించుకునే చిన్న ప్రోగ్రాం) వచ్చింది. పత్రికల సొంత ఫాంటుల్లోని పాఠాన్ని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఏ ఫాంటూ దించుకోనక్కర్లేదు. నకలు తీసినా అక్షరం చెడదు. అప్పట్లో తెలుగులో బ్లాగులు రాసేవాళ్లు, వికీపీడియాకు పనిచేసేవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న చిట్కాల్లో ఇది ముందు వరుసలో ఉండేది.

ఆ పెద్దాయన ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నది అందుకు. ఆఫీసులో తెలుగు పత్రిక చదివే పని లేదు కాబట్టి అక్కడ దాని అవసరం రాలేదు. తర్వాత పత్రికలు క్రమంగా యూనికోడ్‌కు మారాయి. 2017 నవంబరులో వచ్చిన 57వ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ పాత తరహా ఎక్స్‌టెన్షన్లను ఆపేసింది. కారణం తీరిపోయింది, అలవాటు మిగిలింది. ఇప్పుడు ఆయన ఇంట్లో ఫైర్‌ఫాక్స్ మెనూలు కూడా తెలుగులోనే ఉన్నాయి. స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చుని చేసిన అనువాదం అది. బ్రౌజర్ల గురించి మాట్లాడేవాళ్లు వేగం, మెమరీ, భద్రత అంటారు. తన భాష సవ్యంగా కనిపించడం కూడా ఒక మనిషి దశాబ్దాల పాటు ఒక బ్రౌజర్‌ను అంటిపెట్టుకుని ఉండటానికి చాలిన కారణమేనని నాకు ఈ కేసులోనే తెలిసింది.

ఆర్టికల్స్ (సీఏ కోర్సులో శిక్షణ) చేస్తున్న కుర్రాడిది ఇంకో కారణం. అతను ఇంట్లో ఫైర్‌ఫాక్స్ వాడేది ప్రకటనలను అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ కోసం. ఎక్స్‌టెన్షన్ల నిబంధనలను క్రోమ్ మార్చాక ఆ పాత ఎక్స్‌టెన్షన్ అందులో పనిచేయడం మానేసింది, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా నడుస్తోంది. ఆఫీసులో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోవడానికి నేను ఎవరికీ అనుమతి ఇవ్వను. ఎందుకంటే పేజీలో ఉన్నదంతా చదవగల ఎక్స్‌టెన్షన్ ఖాతాదారుల పాన్ నంబర్లు కూడా చదవగలదు. ఇంట్లో ఆ నిర్ణయం అతనిది, ఆఫీసులో నాది. తేడా అంతే.

అసలు ప్రమాదం

ఇంతవరకు చూసినవాటిలో సరిదిద్దవలసింది పెద్దగా ఏమీ లేదు. ఉన్నది వేరే చోట బయటపడింది. బ్రౌజర్ ఇంటికీ ఆఫీసుకూ ఒకటే అయినవాళ్ల దగ్గర.

టీడీఎస్ చూసే ఉద్యోగిని ఆఫీసు క్రోమ్‌లో తన సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, ఆ ఖాతా ఉన్న పరికరాలన్నిటికీ సమాచారాన్ని చేరవేసే సింక్ ఆన్ చేసి ఉంచారు. సౌకర్యం కోసమే చేశారు. పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అడిగినప్పుడల్లా సరే అన్నారు. ఖాతాదారుల పోర్టల్ పాస్‌వర్డులన్నీ ఆమె ఇంటి కంప్యూటర్‌కు కూడా చేరాయి. ఇంట్లో అదే ఖాతాతో అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలు వింటుంది. అటునుంచి ఇటు కూడా వచ్చేది. నేను పక్కన కూర్చున్నప్పుడు ఆమె చిరునామా పట్టీలో రెండక్షరాలు టైప్ చేయగానే, ముందురోజు రాత్రి ఇంట్లో వెతికిన ఒక ఆస్పత్రి పేరు, ఒక జబ్బు పేరు కిందికి జారాయి. ఆమె గబుక్కున తుడిచేశారు. నేను చూడనట్టే ఉండిపోయాను. ఖాతాదారుడితో స్క్రీన్ పంచుకుంటూ ఉన్నప్పుడు అది జరిగి ఉంటే?

తర్వాత విడిగా కొందరితో మాట్లాడితే ఒక సంగతి తెలిసింది. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి వాడేవాళ్లలో కొందరు తెలిసే అలా చేస్తున్నారు. సదుపాయాల కోసం కాదు. ఉద్యోగం వెతుక్కోవడం, అప్పులు, ఆరోగ్యం, సంబంధాలు ఇవేవీ ఆఫీసు తెర మీద కనిపించకూడదు. దానికి వాళ్లకు తెలిసిన అతి తేలికైన మార్గం వేరే ఐకాన్ నొక్కడం. అది సరైన తెలివి. దాన్ని తీసేసి ఒకే బ్రౌజర్ అంటే, వాళ్లు తమంతట తాము కట్టుకున్న గోడను మనం కూల్చినట్టు.

ఖాతాదారుల సమాచారం సంగతి యజమానికి వేరేగా చెప్పాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమాచారానికి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా రూ.250 కోట్ల వరకు ఉండవచ్చు. ఆయన ఒకే బ్రౌజర్ మాట ఎత్తడం ఆ రోజుతో ఆగింది.

చేసినవి

జీఎస్టీ టేబుల్ తప్ప మిగతా పని అంతటికీ ఎడ్జ్‌ను ఖాయం చేశాం. అది క్రోమ్ కంటే గొప్పదని కాదు. 2020 జనవరి నుంచి వస్తున్న ఎడ్జ్, క్రోమ్ రెండింటికీ లోపల ఇంజిన్ ఒకటే. ఐఈ మోడ్ అందులో మాత్రమే ఉంది, దాన్ని గ్రూప్ పాలసీతో (కంప్యూటర్ల సెట్టింగులను నిర్దేశించే విండోస్ ఏర్పాటు) తేలిగ్గా అదుపులో పెట్టవచ్చు, అదొక్కటే కారణం. పాత పద్ధతిలో తెరవవలసిన సైట్ల జాబితాను ఒక ఫైలుగా రాసి అన్ని కంప్యూటర్లకూ వర్తింపజేశాను. ఎడ్జ్‌లోకి ఆఫీసు ఖాతాతో తప్ప లాగిన్ కుదరదు. ఖాతాదారుల పాస్‌వర్డులు బ్రౌజర్లలోంచి తీసి ఒక పాస్‌వర్డ్ ఖజానాలోకి మార్చాం. ఎవరి అవసరం మేరకు వాళ్లకు అందులో ప్రవేశం.

క్రోమ్‌ను తీసేయలేదు. భోజన విరామంలో కరెంటు బిల్లు కట్టుకోవాలన్నా, పిల్లల బడి సైటు చూసుకోవాలన్నా అది ఉంది. అందులో పాస్‌వర్డులు దాచుకునే సదుపాయం మాత్రం ఆపేశాను. అందులో ఏం చూశారో నేను చూడనని సిబ్బందికి అందరి ముందూ చెప్పాను, యజమాని చేత చెప్పించాను.

జీఎస్టీ టేబుల్ మీద ఫైర్‌ఫాక్స్ అలాగే ఉంది. మార్చమని యజమాని గట్టిగానే అడిగారు. ఆ టేబుల్ మీద అన్నీ కుదిరి నడుస్తున్నాయి, ఆమె కళ్లు మూసుకుని సంతకం పెట్టించగలరు. 20వ తేదీ సాయంత్రం ఆ నేర్పు విలువ ఎంతో ఆయనకే ఎక్కువ తెలుసు. మామూలు ఫైర్‌ఫాక్స్ బదులు ఈఎస్‌ఆర్ రకం పెట్టాను. మామూలుది నాలుగు వారాలకోసారి మారుతుంది. ఈఎస్‌ఆర్‌లో భద్రత సవరణలు వస్తూనే ఉంటాయి, పెద్ద మార్పులు మాత్రం సుమారు ఏడాదికోసారి. సంతకాల టేబుల్‌కు అదే నప్పుతుంది. ఈ మార్పులన్నీ 20వ తేదీ దాటాకే మొదలుపెట్టాం.

చెన్నైకి చెందిన జోహో 2023లో తెచ్చిన ఉలా బ్రౌజర్‌ను కూడా పరీక్షించాను. సొంత పనికి ఒక మోడ్, ఉద్యోగానికి ఒక మోడ్, పిల్లలకు ఒకటి అందులోనే విడివిడిగా ఉన్నాయి. మేం పాలసీలతో కష్టపడి సాధించిన విభజన అక్కడ పుట్టుకతోనే ఉంది. కేంద్ర ఐటీ శాఖ 2023 ఆగస్టులో ప్రకటించిన దేశీయ బ్రౌజర్ పోటీలో జోహో గెలిచినట్టు 2025 మార్చిలో ప్రకటించారు. ఆ పోటీ షరతుల్లో సీసీఏ మూల సర్టిఫికెట్‌ను నమ్మే జాబితా, టోకెన్‌తో బ్రౌజర్‌లోనే సంతకం చేసే వీలు ఉన్నాయి. పోర్టళ్లు దాన్ని అంగీకరించి నేరుగా సంతకం తీసుకునే రోజు వస్తే 1585 పోర్టు తతంగమే ఉండదు. ఆ రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను. టెండర్ల పోర్టల్‌కు ఐఈ మోడ్ కావాలి కాబట్టి ఈలోగా ఆ కార్యాలయంలో ఉలాకు చోటు లేకపోయింది.

తర్వాత

గడువు తేదీల ముందు నాకు వచ్చే ఫోన్లు బాగా తగ్గాయి. వచ్చినవి కూడా ఎక్కువగా టోకెన్ గడువు తీరడం గురించే. ఎవరైనా సెలవు పెడితే ఆ సీటులో కూర్చున్నవాళ్లకు పాస్‌వర్డులు దొరుకుతున్నాయి. టీడీఎస్ చూసే ఉద్యోగిని ఇంటి కంప్యూటర్‌లో చేరిన పాస్‌వర్డులన్నిటినీ ఆమె పక్కనే ఉండి తీసేయించాను, పోర్టళ్లలో కొత్తవి పెట్టించాం.

మూసుకోని సందు ఒకటి ఉంది: ఫోను. ఖాతాదారుడు నోటీసు వచ్చిందని వాట్సాప్‌లో లింకు పంపుతాడు. ఉద్యోగి బస్సులో ఉంటాడు. నొక్కితే సొంత ఖాతాతో ఉన్న క్రోమ్ తెరుచుకుంటుంది, లాగిన్ అవుతాడు, సేవ్ చేయమంటారా అని అడుగుతుంది. ఆఫీసు కంప్యూటర్లలో మేం కట్టిన కట్టుబాట్లేవీ అక్కడ వర్తించవు. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ ఉంది, అది ఉద్యోగం యాప్‌లను విడి గదిలో ఉంచుతుంది. అయితే ఉద్యోగి తన డబ్బుతో కొనుక్కున్న ఫోనులో కార్యాలయం పాలసీ పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ మాట యజమానికి చెప్పాను. బయట నుంచి పోర్టళ్లు తెరవక తప్పని ఇద్దరికి ఆయన ఆఫీసు ఫోన్లు కొనిచ్చారు, వాటిలో వర్క్ ప్రొఫైల్ పెట్టాను. మిగిలినవాళ్లకు ఆఫీసు వేళల తర్వాత పోర్టల్ పని చెప్పకూడదని నిర్ణయించారు. అది ఎంతవరకు అమలవుతుందో జులై నెల ఆదాయపు పన్ను రద్దీలో తెలుస్తుంది.